మూడో చాయ్

ఫార్మసీ చదివిన ఆ రోజుల్లో నాకు కంటికి కనిపించినదల్లా మందే. ఎవరికైనా తలనొప్పి వస్తే అయ్యో అనడం మాని, వాళ్లు మింగిన మాత్ర రక్తంలో ఎంతసేపు ఉంటుందో లెక్కలు కట్టేవాణ్ని. అశోక్‌నగర్‌లోని మా హాస్టల్లో అందరూ సర్కారు కొలువుల పరీక్షలకు చదివేవాళ్లే, నేనొక్కణ్నే ఫార్మసీ. (అందుకని నన్ను "డాక్టర్ సాబ్" అనేవాళ్లు. నేనెప్పుడూ కాదనలేదు.)

మాకు ఫార్మకాలజీ చెప్పే మేడమంటే నాకు భక్తి, భయం రెండూ సమానంగా ఉండేవి. మోతాదు పెరిగేకొద్దీ మందు పనితనం పెరుగుతుందనీ, ఒక హద్దు దాటాక ఎంత వేసినా ఇక పెరగదనీ చెబుతూ బోర్డు మీద ఒక గీత గీశారు. మొదట పైకెక్కి, ఆ తర్వాత చదునుగా సాగే గీత అది. రోజూ మనం తీసుకునే దేనిమీదైనా దాన్ని పరీక్షించి రికార్డులో రాసి తెమ్మన్నారు. దానిమీద ఆవిడ సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు.

నేను చాయ్‌ని ఎంచుకున్నాను. మహబూబ్‌నగర్ నుంచి వలస వచ్చిన ఒక అక్క మా హాస్టల్ కింద చాయ్ బండి పెట్టుకుంది. ఒక గిన్నెలో డికాషన్, ఇంకోదాంట్లో పాలు మరిగించి, ఎవరి గ్లాసు వాళ్లకు విడిగా కలిపి ఇచ్చేది. ప్రయోగానికి నా రూమ్మేట్ "కరెంట్ అఫైర్స్ అన్న" ఒప్పుకున్నాడు (ఊరికే వచ్చే చాయ్‌ని ఆయన ఏనాడూ కాదనలేదు). ఆదివారం పొద్దున్నుంచి గంటకోసారి బండి దగ్గరికి తీసుకెళ్లి తాగించి, గదికి వచ్చి నాడి లెక్కపెట్టాను. మొదటి గ్లాసుకు నాడి పెరిగింది. రెండోదానికి ఇంకా పెరిగింది. మూడోదానికి తగ్గింది! నాలుగోదానికి అన్న ఆవులించాడు.

"అన్నా, జర గుండె గట్టిగ కొట్టుకోనియ్యే," అని బతిమాలాను.

"అది నా చేతిల ఉన్నదా తమ్మీ?" అంటూ దిండు సర్దుకున్నాడు.

మరుసటి ఆదివారం మళ్లీ చేసినా అదే తంతు. గడువు మర్నాడే. చేసేది లేక, నిజం అంకెల్ని రఫ్ పుస్తకంలోనే వదిలేసి, పాఠ్యపుస్తకంలోని గీతను రికార్డులోకి అచ్చంగా దించేశాను.

మేడం కళ్లజోడు పైకి తోసుకుని చూశారు. "ఇంత నున్నటి గీత మనిషి ఒంట్ల ఉండదు బాబూ. అసలు ఎంత డోసు ఇచ్చినవో నీకు తెలుసా?"

"ఒక్కోసారి ఒక గ్లాసు మేడం."

"గ్లాసు సరే. గ్లాసుల ఏమున్నది? సాయంత్రం లోపల తెలుసుకొని రా."

సంతకం లేని రికార్డు పట్టుకుని నారాయణగూడలోని మా కాలేజీ నుంచి అశోక్‌నగర్ దాకా ఎలా నడిచానో నాకే తెలియదు. ఏడుపు ముఖంతో అక్కకు అంతా చెప్పుకున్నాను.

"మూడోదాంట్ల డికాషన్ తగ్గిస్త తమ్మీ," అంది నవ్వుతూ. "నాలుగోది ఉత్త పాలే, రంగుకు ఒక చుక్క. మీరు నిద్ర పోరు, కడుపుల మంటంటరు. ఇయ్యనంటే ఇంకో బండికాడికి పోతరు. ఇంకేం చెయ్యాలె?"

"ఇంతమందిల ఎవరిది ఎన్నోదో ఎట్ల యాదికుంటదక్కా?"

"యాదికెందుకు? గ్లాసు అందుకునే చెయ్యి చూస్త. వణికితే చాలైందన్నట్టు."

మనిషిని చూసి మోతాదు మార్చాలని మా పుస్తకం ఒక అధ్యాయమంతా చెప్పింది. దాన్ని నేను బట్టీ పట్టాను, ఆమె రోజూ చేస్తోంది. నాకు సిగ్గేసింది, ఆమెను చూస్తే గర్వంగానూ అనిపించింది. పరుగున వెళ్లి మేడం ముందు రఫ్ పుస్తకం పెట్టి, చేసిన దొంగపని ఒప్పుకున్నాను. ఆవిడ అసలు అంకెలతో గీత మళ్లీ గీయించి, దానికింద అక్క మాటలు రాయించి, అప్పుడు సంతకం పెట్టారు. మర్నాడు చిక్కడపల్లిలోని ఇంటినుంచి నడుచుకుంటూ వచ్చి బండి దగ్గర చాయ్ తాగారు. "మీరొకసారి మా పిల్లలకు క్లాసు చెప్పాలె," అన్నారు అక్కతో. "మరి బండి ఎవరు చూస్తరు మేడం?" అంది అక్క.

ఇప్పుడు నేనొక మందుల కంపెనీలో పెద్ద తెరల ముందు కూర్చుని, ఏ మందు ఎవరికి పడలేదో చూసే ఉద్యోగం చేస్తున్నాను. పోయిన నెల అటువైపు వెళ్లి బండి దగ్గర ఆగాను. అక్క జుట్టు నెరిసింది గానీ నన్ను ఇట్టే గుర్తుపట్టింది. నా హోదా గురించి డాబుగా చెబుతూ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాను. ఉత్త పాలు.

"ఇది మొదటిదే కదక్కా!"

"ఆఫీసుల ఎన్ని తాగొచ్చినవో నాకేం ఎరుక తమ్మీ," అంది. "చెయ్యి చూసిన."

మనసులో లెక్కపెట్టుకున్నాను. నాలుగు. గ్లాసు ఖాళీ చేశాను.