ఆవిరి చప్పుడు తెలిసిన అక్క

పోయిన గురువారం పొద్దున ఆఫీసు పని మధ్యలో ఫోను మోగింది. పక్కింటి అక్క కూతురు. "అన్నా, అమ్మ పోయినాది," అని ఒక్క మాట చెప్పి ఏడ్చేసింది. ముందురోజు సాయంత్రం గుండెలో నొప్పి అంటే ఆసుపత్రికి తీసుకుపోయారట. తెల్లారేసరికి అయిపోయిందట. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. అయినా ఆమెను ఆటో ఎక్కించిన సంగతి కూడా నాకు తెలియలేదు.

ఆమె మంచితనం గురించి చెప్పేవాళ్లు మా వీధిలో చాలామంది ఉన్నారు. నేను రాయాల్సింది ఇంకొకటి.

అక్క రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లో ఇరవై ఏళ్లకు పైగా ఆవిరి ఇస్త్రీపెట్టె పట్టింది. మోకాళ్లు అరిగాక అనంతపురంలో కూతురి ఇంటికి వచ్చేసి, వరండాలో బల్ల వేసుకుని వీధివాళ్ల బట్టలు ఇస్త్రీ చేసేది. చొక్కా చేతికి రాగానే వేళ్ల మధ్య నలిపి చూసేది. "శానా ఎండినాది ఇది, ఇంగ కొంచెం నీళ్లు తాగల్ల," అనేది, ఎవరికో వడ్డిస్తున్నట్టు.

నేను ఇంట్లో కూర్చునే బెంగళూరు కంపెనీకి పనిచేస్తాను. రెండేళ్ల కింద ముచ్చటపడి ఎస్ప్రెస్సో మిషన్ కొన్నాను. చిన్నది. కాఫీ దించడానికీ, పాలు నురగ కట్టించడానికీ లోపల ఒకటే బాయిలర్. మొదటి నెలంతా ఒకరోజు కాఫీ పులుపు, ఒకరోజు మాడు చేదు. గింజలు మార్చాను. పొడి ఇంకా సన్నగా పట్టాను. చివరికి థర్మామీటరు కొని కప్పులో ముంచుకుంటూ కూర్చున్నాను.

ఒకరోజు అక్క ఇస్త్రీ బట్టలు తెచ్చి, వంటింటి గడపలో ఆగిపోయింది. నేను పాలు కాచి, వెంటనే కాఫీ దించుతున్నాను. మిషన్ బుస్సుమంటోంది.

"ఏమప్పా, ఆ అరిచేది నీళ్లు కాదు, ఆవిరి," అంది. "ఆవిరి పోస్తే నీ పొడి మాడిపోదా?"

"దీపం వెలిగింది కదక్కా, రెడీ అయినట్టే."

"దీపానికేం తెలుసు? వట్టిగా నీళ్లు వదులు. అరుపు ఆగేదాకా వదులు."

పొడి లేకుండా నీళ్లు వదిలాను. చిటపటమంటూ పొగలు చిమ్మి, కాసేపటికి చప్పుడు తగ్గి ధార సన్నగా, నిశ్శబ్దంగా పడింది. "ఇప్పుడు పెట్టు," అంది. యూనిట్లో కూడా అంతేనట. పైపులో నిలిచిన ఆవిరినీ నీళ్లనూ ముందు నేలమీదికి వదలకుండా పెట్టె ఆనిస్తే బట్ట మీద మరక పడుతుందట. ఆరోజు కాఫీలో నాకు మొదటిసారి తీపి తగిలింది. అక్క ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "మందు మాదిరి ఉండాది. పాలు పొయ్యి."

ఆ తర్వాత ఆదివారాలు ఆమెకు నా వంటింట్లో ఒక స్టూలు ఉండేది. పులుపు ఎందుకు వస్తుందో కూడా ఆమే చెప్పింది. నీళ్లు కాగినా పైన పొడి బిగించే చోటి ఇనుము కాగలేదని, దాన్ని ముట్టుకుని చూడమని. పారబోసే వేడినీళ్లను కప్పులోనే పట్టమంది, కప్పు వేడెక్కుతుందని. నేను ఆత్రపడితే, "మిషన్‌ది తప్పు కాదప్పా, నీకే నిదానం ల్యా," అనేది. థర్మామీటరును సొరుగులో పడేశాను.

ఇంత చెప్పాక మిగిలింది కూడా చెప్పాలి.

ఒక ఆదివారం మా కంపెనీవాళ్లు ముగ్గురు గుత్తి కోట చూసి మా ఇంటికి వచ్చారు. కాఫీ ఇచ్చాను. తాగి, ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు. "వీడియోలు చూసి, నెలల తరబడి నేనే ప్రయోగాలు చేసి," అన్నాను. బాయిలర్ గురించి, చప్పుడు విని వేడి కనిపెట్టడం గురించి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. తల తిప్పితే గుమ్మంలో అక్క, చేతిలో బట్టల కట్టతో.

"ఎవరు?" అని ఒకతను అడిగాడు.

"ఇస్త్రీ ఆమె," అన్నాను. ఆమె వైపు తిరిగి, "అక్కడ పెట్టి పో," అన్నాను. అక్కా అనలేదు.

ఆమె బట్టలు కుర్చీలో పెట్టి, "సరే సార్," అని వెళ్లిపోయింది.

అంతకుముందు ఎన్నడూ ఆమె నన్ను సార్ అనలేదు. ఆ తర్వాత ఇంకో పిలుపు పిలవలేదు. బట్టలు మామూలుగానే తెచ్చేది, గుమ్మం దగ్గరే ఇచ్చేది. "కాఫీ తాగి పో అక్కా," అంటే, "పనుండాది సార్," అనేది. మొహంలో కోపం ఉండేది కాదు. కోపం ఉంటే క్షమించమని అడగడం సులువయ్యేదేమో. రేపు అడుగుదాం, ఆదివారం అడుగుదాం అనుకుంటూనే ఎనిమిది నెలలు గడిపేశాను.

గురువారం మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లాను. కూతురు నన్ను చూడగానే లేచి వచ్చింది. వాళ్ల బంధువులకు నన్ను చూపించి, "అమ్మకు కాఫీ మిషన్ నేర్పించిన అన్న ఈయనే," అంది. "చెప్పని మనిషి ల్యా అన్నా. పక్కింటి సార్ నన్ను కూర్చోబెట్టి నేర్పించినాడు అని చర్చిలో కూడా చెప్పుకునింది."

"కాదమ్మా, నేనే ఆమె దగ్గర నేర్చుకున్నాను," అన్నాను.

ఆ పిల్ల కన్నీళ్లు తుడుచుకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "మీరు అట్లే అంటారు. మీది పెద్ద మనసు అన్నా."

బంధువులు కూడా తలలూపారు. మళ్లీ చెప్పబోతే ఎవరో నాకు కుర్చీ తెచ్చి వేశారు. కూర్చోలేక వరండాలోకి వచ్చాను. ఇస్త్రీ బల్ల మీద, ముందురోజు సాయంత్రం ఆమె నీళ్లు చల్లి చుట్టిపెట్టిన బట్టలు వరసగా ఉన్నాయి, చంటిపిల్లల్ని పడుకోబెట్టినట్టు. ఎండ బల్ల అంచు దాటి వాటి మీదికి వస్తోంది. ఒకదాని మీద చెయ్యి పెట్టి చూశాను. పైన ఎండిపోయింది. మడత లోపల ఇంకా తడిగా ఉంది.