రెండు ‘వలెను’లు

"ఆ తప్పు నాదే తమ్ముడూ. ఇంకెవరి నెత్తినా రుద్దొద్దు," అని నాతో అంటూ ఆవిడ కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంది. "రెండు మాటలకి ఒకే మాట రాశాను. అంతే. గోరంత."

ఆ గోరంతే కొండంతయింది.

అణు విద్యుత్ కేంద్రంలో కాగితాల విభాగం ఆవిడది. అందరూ కామా అక్క అంటారు. టైపిస్టుగా చేరింది. దేశానికి అదే మొదటి రియాక్టరు. ఏ పని ఎలా చేయాలో చెప్పే ప్రమాణాల పుస్తకమేమో పరాయి భాషలో వచ్చింది. పైపులు అతికేవాళ్ళకి అందులో ముక్క అర్థం కాలేదు. ఎవరూ అడక్కుండానే అక్క నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని మూడు వందల పన్నెండు పేజీలూ మన మాటల్లోకి తెచ్చింది. కామా ఎక్కడ పడాలో ఇంజనీర్లతో పోట్లాడి మరీ పెట్టించేది. ఆ పేరు అలా అతుక్కుంది.

మూలంలో రెండు మాటలున్నాయి. ఒకటి ‘చేసి తీరాలి’, రెండోది ‘చేస్తే మంచిది’. పుస్తకమన్నాక కాస్త గంభీరంగా ఉండాలి కదా అని అక్క రెంటికీ ‘వలెను’ తగిలించింది.

అతుకుల ఎక్స్‌రే ఫిల్ములు చూసే మేస్త్రి ఆ పేజీ తెరిచాడు. ‘అతుకును స్కానింగ్ యంత్రముతో పరీక్షించవలెను.’ ఆ యంత్రం దేశం మొత్తం వెతికినా లేదు. దాని కిందే, ‘ప్రతి ఫిల్మును ఇద్దరు విడివిడిగా చూడవలెను.’ పైదే ఉత్తమాటైతే కిందిదాన్ని పట్టించుకునేదెవరు? "ఇది ఉన్నోళ్ళ దేశాల పుస్తకం. మనకి బీరువాలో అలంకారం," అని ఒక్కడే చూసి సంతకాలు పెట్టుకుంటూ పోయాడు.

ఇంధనం నింపడానికి రెండు నెలల ముందు తనిఖీ జరిగింది. నలభై అతుకులకి రెండేసి సంతకాలు ఉండాల్సిన చోట ఒక్కొక్కటే! మేస్త్రిని ఉద్యోగంలోంచి తీసేయడానికి విచారణ పెట్టారు.

విచారణ రోజు పొద్దున అక్క కంచం ముందు కూచుని భర్తకి సంగతంతా చెప్పింది.

"నీ జోలికి ఎవరూ రాలేదుగా, నోరు మూసుకో," అన్నాడు భర్త.

"మూసుకుంటే ఆయన పోతాడు. ఆయన కుర్చీలోకి వచ్చేవాడూ నా పుస్తకమే చదువుతాడు," అని చేయి కడుక్కుని లేచింది.

విచారణ గదిలోకి పిలవకుండానే వెళ్ళింది. "సార్, ఈయన చదివింది నా రాత. యంత్రం ఉంటే మంచిదన్నారంతే. ఇద్దరు చూడటం మాత్రం చేసి తీరాల్సిందే. రెంటినీ ఒకే గాటన కట్టింది నేను."

"ఒక్క మాటకి ఇంత రభసా?" అన్నాడు పెద్దాఫీసరు.

"మనకి యంత్రం లేదు సార్, కళ్ళున్నాయి. లేనిదాని కోసం ఏడుస్తూ ఉన్నవి మూసుకున్నాం. మూయించింది నా ‘వలెను’."

పెద్దాఫీసరు మూల పుస్తకం తెప్పించి ఆ పేజీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆ మర్నాడే నలభై ఫిల్ములూ రెండో మనిషి ముందుకి వెళ్ళాయి. రెండింట్లో వెంట్రుకంత పగులు! ఆ అతుకులు కోసి మళ్ళీ అతికారు. మేస్త్రి మందలింపుతో బయటపడ్డాడు. అక్కకి మెమో ఇచ్చారు. అది ఇప్పటికీ ఆవిడ బల్ల మీది అద్దం కిందే ఉంది.

తర్వాత ఎనిమిది నెలలు కూచుని ఒక్కో ‘వలెను’నీ చీల్చింది. ‘తీరాలి’ అన్నవన్నీ లావు అక్షరాల్లో పెట్టింది. ‘మంచిది’ అన్నవి ఏరి విడిగా రాస్తే, దేశం ముందుముందు ఏ యంత్రాలు తెచ్చుకోవాలో ఆ జాబితాలోనే తేలింది. పెద్దాఫీసరు దాన్నే పైకి పంపాడు. ఇంట్లో మాత్రం భర్త ఇప్పటికీ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఉప్పు వేసి తీరాలా, వేస్తే మంచిదా?" అని ఆట పట్టిస్తాడు. "నోరు మూసి తీరాలి," అంటుంది అక్క.

వాడేవాడి నోట వినకుండా ఇప్పుడు ఒక్క పేజీ కూడా అచ్చుకి వదలదు. సెలవు తీసుకుని లేచిన నా చేతిలోనూ ఒక కాగితం పెట్టింది.

"వెళ్తూ ఇది మేస్త్రికివ్వు. గట్టిగా చదవమను. ఎక్కడ తడబడతాడో అక్కడ గీత పెట్టి నాకు తెచ్చివ్వు తమ్ముడూ."