కింది మంచం కాపలా

గల్ఫ్‌లో, దమ్మామ్ లేబర్ క్యాంపులో మా గదిలో ఆరు మంచాలు. మూడు కింద, మూడు పైన. పై చదువులు అబ్బలేదు గానీ నాకు పై మంచం మాత్రం అబ్బింది. దాని కిందది మిలిటరీ అన్నది. జగిత్యాల వైపు మనిషి. పదిహేడేళ్లు ఫౌజులో చేసి వచ్చి, పిల్లల చదువుల కోసం ఇక్కడ గోదాం గేటు దగ్గర కాపలాకు చేరాడు.

శుక్రవారం వంట అన్నదే. మాకు పదకొండున్నర అయితే వాళ్లింట్లో రెండు. ఫోను పప్పుగిన్నెకు ఆనించి, అక్కడ వదిన పిల్లలకు వడ్డించి తనూ కంచం ముందు కూర్చుంటే గానీ ఇక్కడ ముద్ద ముట్టేవాడు కాదు. అన్న ముట్టనిది మేమెలా ముడతాం? మా ఐదుగురికీ ఆ ఇంటి వేళకే ఆకలి వేయడం అలవాటైంది. ఇంకో ముద్ద పెట్టుకొమ్మని వదిన ఫోన్లోంచే నన్ను అదిలించేది. నేనూ ఆ ఇంటివాణ్ణే అనుకున్నాను. అనుకోవడానికి వీసా అక్కర్లేదు కదా.

అన్న చెప్పే కథల్లో ఒకటి మాకు కంఠతా వచ్చు. సరిహద్దులో ఒక చౌకీ ఖాళీ చేయాల్సి వచ్చి, దీపం వెలుగుతుండగానే, తీగ మీద తడిబట్టలు ఆరేసి, చప్పుడు లేకుండా దిగిపోయారట. మూడు రోజుల దాకా లోపల మనుషులున్నారనే అవతలివాళ్లు అనుకున్నారట. ఎన్నిసార్లు విన్నా ఆ అవతలివాళ్ల అమాయకత్వానికి నవ్వేవాళ్లం.

మొన్నటి రంజాన్ తర్వాత రెండు నెలల చుట్టీ అని అన్న ఊరికి బయల్దేరాడు. బాగా దగ్గుతున్నాడు. గోదాం దుమ్మన్నాడు. ఇక్కడి నుంచి మళ్లీ రాకుండా పోయేవాడు కుక్కరు ఒకరికి, దుప్పటి ఒకరికి పంచి, చివరి పూట కోడికూర వండి పెట్టి పోవడం మా ఆనవాయితీ. అన్న ఏదీ పంచలేదు. తువ్వాలు తాడు మీదే ఉంది. చెప్పులు మంచం కింద ఉన్నాయి. ట్రంకుపెట్టెకు తాళం.

"మంచం పైలం తమ్మీ, ఎవ్వన్నీ పండనియ్యకు" అన్నాడు నాతో.

కాపలా కాశాను. నిచ్చెన ఎక్కలేక మోకాళ్లు మొరాయిస్తున్నా నేను కూడా దాని మీద పడుకోలేదు. కొత్తగా వచ్చిన బంగ్లాదేశీకి ఇమ్మంటే క్యాంపు బాస్‌తో పేచీ పెట్టుకున్నాను. శుక్రవారాలు ఫోన్ చేస్తే అన్న ఎత్తేవాడు కాదు. పిల్లలతో ఉన్నాడులే అనుకున్నాను.

పదో వారం ఆఫీసు గుమాస్తా బయటపెట్టాడు. అన్నది చుట్టీ కాదు, ఫైనల్ ఎగ్జిట్, వీసా రద్దు చేసుకుని పూర్తిగా వెళ్లిపోవడం. ఎవరికీ చెప్పొద్దని అన్నే బతిమాలాడట. క్యాంపంతా బల్బులు వెలిగించే ఎలక్ట్రీషియన్ని, నాకు మాత్రం వెలగలేదు.

వదినకు ఫోన్ చేశాను. అన్న పోయి పన్నెండు రోజులట. ఊపిరితిత్తుల్లో గడ్డ అని దమ్మామ్ డాక్టరే చెప్పాడట. ఉన్న నాలుగు రోజులూ పిల్లల మధ్య ఉండాలని వచ్చేశాడట.

"నాకొక్కనికి చెప్తే ఏం వోతుండె వదినా?"

"ఇల్లు జేరేదాంక ఏడ్వద్దనుకున్నడు తమ్మీ. నీకు చెప్తే ఆడ్నే ఏడుస్తుండె."

నిజమే కావచ్చు. పెళ్లాం పిల్లల దగ్గరికి పోవడం న్యాయమే. కానీ తొమ్మిదేళ్లు ఒకే గిన్నెలో తిన్నవాణ్ణి తీసుకెళ్లి అవతలివాళ్లలో కలిపేశాడు.

ట్రంకుపెట్టె తాళం పగలగొట్టాం. పాత పేపర్ల కింద నాలుగు ఇటుకలు. ఎవరైనా కదిపి చూస్తే బరువు తెలియాలని.

తాడు మీది తువ్వాలు తీశాను. ఎండి అట్టలా బిగుసుకుంది. ఆ రోజు నుంచి కింది మంచం నాదే. మోకాళ్లు అన్నకు రోజూ దండం పెడుతున్నాయి. నేను ఇంకా పెట్టలేదు.