దుకాణంలో కూర్చొని నేర్చిన కుస్తీ

ఆ రోజుల్లో చదువంటే దుకాణం లెక్కలకేనని మా ఇంట్లో అనుకునేవారు. నా బడి తొందరగానే ఆగిపోయినా, చేవెళ్ల గ్రంథాలయంలో నేను చదవని పత్రిక లేదు (ఉన్నవే కొన్ని, ఆ సంగతి వేరు). ఈ ముచ్చట రాసిపెట్టడానికి కారణం ఉంది. నేను చదువుకొని కుస్తీ గెలిచానని మా ఊరు మొయినాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది సగమే నిజం. మిగతా సగం నేను పోయాక చెప్పేవాళ్లుండరు.

కొత్తగా ఆట నేర్చుకునేవాడు ముందు బాగా ఆడేవాణ్ని నిదానంగా గమనించాలని, తర్వాత కళ్లు మూసుకొని అదే ఆట తాను ఆడుతున్నట్టు మనసులో చూసుకోవాలని ఒక పత్రికలో చదివాను. నేను కూర్చునే మా మేనమామ కిరాణా దుకాణానికి ఎదురుగానే కుస్తీ నేర్పే తాలీం. గద్దె దిగకుండానే ఉస్తాద్ నేర్పే కుస్తీ పట్లన్నీ కనిపించేవి. మెడ వంచి, కాలు అడ్డం పెట్టి పడేసే పట్టు నాకు నచ్చింది. రోజూ చూడటం, కళ్లు మూసుకోవడం.

"ఏందిరా, నిద్రనా?" అన్నాడు మామ.

"కుస్తీ పడుతున్న మామా."

"ఎవలతోని?"

"సురంగల్ పహిల్వాన్ బండన్నతోని."

"మరి ఉప్పు బస్తా ఎవలెత్తాలె? పీర్ల పండుగకు కుస్తీలున్నయి గద, నిజంగనే పడు. గెలిస్తే వారం వారం చేవెళ్లకు పో, నేనేమన. ఓడితివా, గా పత్రికల పేరెత్తద్దు!"

పండుగనాడు బండన్న నన్ను చూసి నవ్వాడు. "ఏం సేటూ, పప్పు తూకమేస్తవా?" నేను ఒక్క క్షణం కళ్లు మూసుకొని ముందుకురికాను. అతను నా కుడిచేతి కోసం కాచుకున్నాడు. అతని మెడ మీద పడింది నా ఎడమచెయ్యి. తేరుకునేలోపే అతని వీపు మట్టికి తగిలింది.

"మీ పట్టే ఉస్తాద్, చూసి నేర్చుకున్న!" అన్నాను పొంగిపోతూ.

"నా పట్టు కాదు బేటా," అన్నాడు ఉస్తాద్. "నేను కుడిచేత్తోని పడత. నువ్వు ఎదురుంగ కూసొని, అద్దంల చూసినట్టు ఎడమకు నేర్చినవ్. గదే ఆయనకు సమజ్ కాలే."

బండన్నకు అప్పుడు సమజ్ అయింది. "మల్లొక్కపారి రా సేటూ!" అన్నాడు. గర్వంతో పోయాను. ఈసారి నాకు ఆకాశం కనిపించింది.

మామ గడ్డం గోక్కున్నాడు. "ఒకటి గెలిసినవ్, ఒకటి ఓడినవ్. వారం ఇడిసి వారం పో."

ఇప్పుడు మనుమడికి బంతి విసరడం నేర్పేటప్పుడు వాణ్ని ఎదురుగా కాక నా పక్కనే నిలబెట్టుకుంటాను. మోకాళ్లు మొరాయించినా, కళ్లు మూసుకుంటే బండన్న ఇంకా పడుతూనే ఉంటాడు. రెండో కుస్తీ మాత్రం ఆ బొమ్మలోకి రాదు.

తప్పును తిట్టకుండా చెప్పిన ఉస్తాద్‌కు, సగమైనా మాట నిలబెట్టుకున్న మామకు, నేను రాని వారాల పత్రికలు దాచిపెట్టిన గ్రంథాలయం కళ్లజోడు పంతులుకు, అందరికంటే ఎక్కువగా, మొదటిసారి పడినందుకు బండన్నకు, నా దండాలు.