నాలుక కిందికి పోని మాత్ర

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నంద్యాలలోని ఒక నర్సింగ్‌హోమ్ వాళ్లు నన్ను తమ ఆళ్లగడ్డ శాఖకు ఫార్మసిస్టుగా మార్చారు. మందుల గదితోపాటు ఎమర్జెన్సీ ట్రే కూడా నా బాధ్యతే. అందులో ఏ మాత్ర అడిగినా కళ్లు మూసుకుని తీయాలి. నేను నిద్రలో కూడా తీసేవాణ్ణి. మా ఆవిడ గురక పెడితే లేచి దగ్గుమందు పోసిన రోజులున్నాయి.

చేరిన మూడో వారం, సాయంత్రం నాలుగింటికి ఉయ్యాలవాడ నుంచి ఓబులేసు అనే రైతును ఆటోలో తెచ్చారు. నలభై ఐదేళ్లుంటాయి. ఛాతీలో నొప్పి, ఒళ్లంతా చెమట. వెంట వచ్చింది పిల్లనిచ్చిన మామ. డ్యూటీ డాక్టరమ్మ పద్ధతి ప్రకారమే అడిగింది: బీపీ, షుగరు ఉన్నాయా, మగతనానికి మాత్రలేమైనా వాడతారా అని. అల్లుడు నోరు తెరిచేలోపే మామ అందుకున్నాడు.

"మా అల్లునికి వక్కపొడి గూడా అలవాటు లేదు తల్లీ. మాత్రలేందీ, మాత్రలు?"

ఓబులేసు తల అడ్డంగా ఊపాడు. మామ ఎదుట, ఆడ డాక్టరు ఎదుట ఇంకెట్లా ఊపుతాడు? ఆమె గుండెనొప్పికి నాలుక కింద పెట్టే నైట్రేట్ మాత్ర ఇమ్మంది.

స్ట్రిప్పు చేతిలోనే ఉంది. ఇవ్వకుండా అతని మొహం చూశాను. ఇట్లాంటి నొప్పితో వచ్చేవాళ్ల మొహం మామూలుగా పాలిపోయి ఉంటుంది. ఇతని మొహం మిరపపండులా ఉంది, ముక్కు దిబ్బడేసింది. మగతనం మాత్ర కోరిక పుట్టించదు. కోరిక కలిగినప్పుడు అంగంలోని రక్తనాళాలను వదులు చేసి రక్తం నిండనిస్తుంది, అంతే. అయితే ఒంట్లో మిగతా నాళాలు కూడా కొంత వదులవుతాయి. ఆ ఎరుపూ దిబ్బడా అందుకే. నైట్రేటు చేసేదీ నాళాలను వదులు చేయడమే. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

"సార్, మాత్ర!" సిస్టరు రెండోసారి అరిచింది.

బీపీ పట్టీ చుట్టే నెపంతో అతని చెవి దగ్గర వంగాను. "అన్నా, పోయినేడు నేను ఆ మగతనం మాత్ర ఒకటి ఏసుకుంటి. ఈడ నుంచి నంద్యాల దాకా యాడ జూసినా నీలమే. బర్రెలు నీలం, పాలు నీలం. పప్పు నీలంగా ఉందని తినకుండా లేస్తి."

పచ్చి అబద్ధం. ఆ మాత్రతో కొందరి చూపుకు నీలిచాయ వస్తుందన్నది మాత్రం నిజం.

ఓబులేసు కళ్లు తెరిచాడు. "నాకు ట్యూబులైటు నీలంగా కనపడతాంది సార్. మధ్యాన్నం ఏసుకుంటి. దోస్తు ఇచ్చినాడు. ఒకటి చాలదని రెండు. మా మామకు చెప్పొద్దు."

"ఏందప్పా గుసగుసలు?" అన్నాడు మామ.

"నీళ్లు అడుగుతాండాడు పెద్దాయనా," అన్నాను.

డాక్టరమ్మకు విషయం చెప్పాను. ఆమె నైట్రేట్ ఆపి, యాస్పిరిన్ నమిలించి, ఈసీజీ చూసి, అంబులెన్సులో నంద్యాలకు పంపింది. ఏ మాత్ర, ఎన్ని, ఎన్ని గంటలకు వేసుకున్నాడో రెఫరల్ కాగితం మీద ఎర్రసిరాతో రాసింది. అతను వేసుకున్న రకమైతే కనీసం ఇరవై నాలుగు గంటలు, ఎక్కువసేపు పనిచేసే రకమైతే నలభై ఎనిమిది గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. ఓబులేసు బతికాడు.

గుండెకు నైట్రేట్ వాడేవాళ్లు మగతనం మాత్ర అసలు ముట్టకూడదు. మిగతావాళ్లు డాక్టరు చీటీ మీదే, చెప్పిన మోతాదులోనే వాడాలి. దోస్తు చేతి మాత్ర చీటీ కాదు. ఆ రోజు నుంచి ఛాతీనొప్పితో మగవాళ్లొస్తే చుట్టాలను బయటికి పంపి తలుపు వేసేవాళ్లం. "వేసుకున్నావా" అని అడగడం మానేశాం. "ఎప్పుడు వేసుకున్నావు?" అని అడిగేవాళ్లం. వేసుకోనివాడు తిట్టేవాడు. తిట్లకు బీపీ పడిపోదు.