మోటారు శృతి

నిన్న ఆదివారం చర్చిలో నా వల్ల ఏం జరిగిందో చెబుతాను, నవ్వకుండా వినండి. సరే, ముందు టీ గ్లాసులు కింద పెట్టేయండి!

చిన్నప్పటి నుంచీ నేను పాట అందుకుంటే పక్కవాళ్లు కాస్త దూరం జరిగేవారు. సండే స్కూల్ టీచరు అయితే "అమ్మీ, నువ్వు పెదాలు ఆడించు, సాలు" అనేసింది. నర్సు ఉద్యోగానికి రాయగడ వచ్చాక కూడా పెదాలే ఆడించాను. యాభై దాటాక పట్టుదల పుట్టింది. రిటైరయ్యేలోగా చర్చి కోయర్‌లో నిలబడి పాడాల్సిందే!

మరి ప్రాక్టీసో? నేను గొంతెత్తితే చాలు, పక్కింటి ఒడియా మౌసీ గోడ మీంచి తొంగిచూసి "కణ హెలా, సిస్టర్?" అంటూ ఏమైందోనని కంగారుపడేది. ఎవరికో ప్రాణం మీదకొచ్చిందనుకునేది పాపం! అందుకని పొద్దున్నే నీళ్ల మోటారు వేసి, ఆ మోతలో పాడేదాన్ని. కొన్నాళ్లకి చూస్తే ఆ గుంయ్‌మనే మోత పట్టుకుంటే నాకు శృతి కుదిరిపోతోంది! మా ఆయన కూడా ఒప్పుకున్నాడు.

"పర్లేదే! ట్యాంకు నిండేవరకూ బాగానే పాడతన్నావు."

ధైర్యం చేసి కోయర్ లీడరు సుగుణక్కని అడిగాను. "ఆదివారం ఓ పాట ఎత్తు, సూద్దుం" అంది. మా చర్చిలో పాట ఎత్తినవాళ్లదే శృతి. వాళ్లు ఎక్కడ మొదలెడితే సంఘమంతా అక్కడికి రావాలి.

నిన్న నేను పాట ఎత్తడానికి లేచానో లేదో, కరెంటు పోయింది! కీబోర్డు మూగబోయింది. నా మోటారేమో ఇంటి దగ్గరుంది. భయంలో ఎత్తేశాను. ఎక్కడ? పైన గంట కట్టిన చోట! పల్లవి దాకా జనం ఎలాగో వెంట వచ్చారు. చరణంలో మగవాళ్లు ఆగిపోయారు, ఆడవాళ్లకి దగ్గొచ్చింది. పైన నేనొక్కదాన్నే మిగిలాను. పాస్టరు అయ్యగారు కళ్లు మూసుకున్నారు, ప్రార్థనకో, భరించలేకో మరి! ఆపితే కోయర్ పోతుంది, ఆపకపోతే గొంతు పోతుంది. ఏడుపొచ్చేసిందనుకోండి.

అప్పుడు చర్చి వెనకాల ఎవరో జనరేటర్ స్టార్ట్ చేశారు. గుంయ్! అచ్చం మా మోటారే! నా గొంతు దానంతటదే జారి ఆ శృతిలో కూర్చుంది. ఒక్కొక్కరే కలిశారు. ఆఖరి చరణం సంఘమంతా నాతో పాడింది. ఎంత సంతోషమేసిందో!

బయటికి రాగానే సుగుణక్క పట్టుకుంది.

"ఏటమ్మీ, అంత మీద నుంచి అలా ఎలా దిగిపోయేవు?"

మోటారు సంగతి చెప్పేశాను. కడుపు పట్టుకుని నవ్వి, "సర్లే, కోయర్‌లోకి వచ్చేయ్. ఎనకవరసలో కిటికీ పక్కన నిలబడు, జనరేటర్ బాగా ఇనబడతాది" అంది.

అదండీ! నేనిప్పుడు కోయర్ మెంబర్ని. కరెంటు పోయిన ఆదివారం పాడతాను. మిగతా ఆదివారాలు... పెదాలే!