అందరి చేతులూ చూసిన మేస్త్రమ్మ

మతోజిన్యుష్ రేవుకి పడవలు ఎప్పుడొస్తాయో పడవల వాళ్ళకే తెలియదు. చేపల డబ్బాల ఫ్యాక్టరీ సైరన్ మోగిందంటే వచ్చాయని అర్థం. ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో కూత. తమ కూత వినబడగానే ఆ ఫ్యాక్టరీ ఆడవాళ్ళు సూపు గిన్నె పొయ్యి మీదే వదిలేసి, చంటిబిడ్డను పక్కింటావిడ ఒళ్ళో పడేసి, ఏప్రాన్ నాడాలు వీధిలోనే ముడేసుకుంటూ పరిగెత్తేవాళ్ళు. పెళ్ళి విందు మధ్యలో లేచి పరిగెత్తిన వాళ్ళున్నారు. ఒకసారి పెళ్ళికూతురే లేచి పరిగెత్తిందని కూడా చెప్తారు గానీ, ఆ కథ పుట్టింది చేపల బల్ల దగ్గర, అక్కడ పనిచేసే ఫెలిష్మీనా నోట. ఆవిడ చెప్పే ఏ కథకైనా ఉప్పూ కారం కాస్త ఎక్కువే.

ఆ పరుగంతా వెళ్ళి ఆగేది ఒక మనిషి ముందు. ఆవిడ పేరు ఇదలీనా. పేరు పెట్టి పిలిచేది ఆవిడ మొగుడు బెర్నర్దీను ఒక్కడే. మిగతా రేవంతా 'మెస్త్రా' అనేది. మన మేస్త్రీ అన్న మాట వాళ్ళ పోర్చుగీసు ఓడల్లో వచ్చి మన ఒడ్డున దిగిందే కాబట్టి, ఆవిడని మేస్త్రమ్మ అనడానికి మనకి మొహమాటమేమీ అక్కర్లేదు.

మనిషి పొట్టి. చిన్నప్పుడు బల్ల అందక పెట్టె ఎక్కి నిలబడి చేపల తలలు తీసిందట. పెద్దయ్యాక కూడా బల్ల ఆవిడకి అంతంతమాత్రంగానే అందేది. గొంతు మాత్రం షెడ్డు ఈ చివర్నించి ఆ చివరికి వినబడేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఇంత గొంతు ఎవరిదా అని చుట్టూ వెతుక్కునేవాళ్ళు.

పైన ఆఫీసులో వాళ్ళు చేపల్ని చూసేవాళ్ళు. మేస్త్రమ్మ చేతుల్ని చూసేది. గంపలు ఒకదాని వెంట ఒకటి దిగుతున్నా, పైనుంచి గుమస్తా వచ్చి గోల పెడుతున్నా, పని మొదలెట్టే ముందు బల్ల చుట్టూ ఒకసారి తిరిగేది. "చేతులు," అనేది. అంతే. అందరూ చేతులు చాపి, ముందొకసారి వెనకొకసారి తిప్పి చూపించేవాళ్ళు. కోతపడ్డ చెయ్యి ఉప్పునీళ్ళలో పెడితే ప్రాణం లేచిపోతుంది. అలాంటి చెయ్యి కనబడితే ఏప్రాన్ జేబులోంచి చిన్న సీసా తీసి, ఆలివ్ నూనె ఒక చుక్క రాసి, ఆ మనిషిని కాగితాల బల్ల దగ్గరికి పంపేది. అక్కడ మూతలేసిన డబ్బాలకి రంగు కాగితం చుట్టడమే పని. పొడి పని, పైగా కిటికీ పక్కన.

చూసేది కోతలొక్కటే కాదు. చెయ్యి వణుకుతుంటే, "పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా లేదా?" అని అడిగి మొక్కజొన్న రొట్టె ముక్క చేతిలో పెట్టేది. మణికట్టు మీద వేళ్ళ గుర్తులు కనబడితే ఆ పూట ఏమీ అనేది కాదు. సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ ఇంటాయనతో గాలీ వానా గురించి చాలాసేపు మాట్లాడి వచ్చేది. ఆ గుర్తులు మళ్ళీ కనబడటం అరుదు.

జుల్మీరా ఆ బల్ల దగ్గరికి వచ్చింది తల్లి పోయిన కొత్తలో. చేతులు ఏప్రాన్ జేబుల్లో దాచుకుని, ద్వారం పక్కన చలిగాలి కొట్టే చివరి చోట నిలబడింది. కొత్తవాళ్ళకి ఇచ్చే చోటు అదే. ఆ పిల్ల చేతులు వేళ్ళ సందుల్లో పగిలి, పొక్కిపోయి ఉండేవి. అంటుకుంటుందని అంతకుముందే ఒక ఫ్యాక్టరీ వాళ్ళు పొమ్మన్నారు.

"చేతులు," అంది మేస్త్రమ్మ.

"బానే ఉన్నాయండీ."

"నేనడిగింది కబురు కాదు పిల్లా, చేతులు."

భయపడుతూనే తీసింది. మేస్త్రమ్మ రెండింటినీ తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కో వేలి సందులో తీరిగ్గా నూనె రాసింది. చుట్టుపక్కల వాళ్ళు కాస్త వెనక్కి జరిగారు. మేస్త్రమ్మ వాళ్ళ వంక చూసి, "అంటుకునేదే అయితే నాకీపాటికి అంటుకునే ఉంటుంది. ఇంక మీకెందుకే కంగారు? పనిచూడండి," అంది. జుల్మీరా ఆ రోజంతా డబ్బాలకి కాగితం చుడుతూ ఏడ్చింది. ఆమె అమ్మ పోయాక ఆ చేతుల్ని ఇంకో మనిషి పట్టుకోవడం అదే మొదలు.

ఏళ్ళు గడిచాయి. చేతులు మానాయి, మచ్చలు మిగిలాయి. ఒకనాడు మేస్త్రమ్మ మోకాళ్ళు పనిచెయ్యడం లేదని, ఇక మానేస్తానని ఆఫీసులో చెప్పింది. ఆవిడ చోట ఎవరని వాళ్ళడిగితే జుల్మీరా పేరు చెప్పింది.

"నేనేంటండీ? ఫెలిష్మీనా అక్క నాకంటే ఎంత పెద్దది!" అంది జుల్మీరా.

"ఫెలిష్మీనాకి అప్పజెప్తే ఆ నోరు తట్టుకోలేక చేపలే లేచి సముద్రంలోకి పోతాయి. నువ్వే చూసుకో," అంది మేస్త్రమ్మ. తన తెల్ల తలగుడ్డ విప్పి జుల్మీరాకి కట్టింది. ఆ షెడ్డులో తెల్లగుడ్డ ఒక్కరికే ఉంటుంది.

తర్వాత సైరన్ మోగిన రోజున జుల్మీరా తెల్లగుడ్డ కట్టుకుని బల్ల మొదట్లో నిలబడింది. ఆడవాళ్ళు అలవాటు చొప్పున చేతులు సగం చాపారు కూడా. ఆమె నోట్లోంచి ఆ మాట రాలేదు. చూడబుద్ధికాని చేతులున్న తను, తనకంటే పెద్దవాళ్ళ చేతులు పట్టుకుని చూడటమేమిటి అనిపించింది. "మొదలెడదామా మరి?" అంది. చాపిన చేతులు వెనక్కి వెళ్ళిపోయాయి.

అప్పట్నుంచి ఆమెని ఎవరూ మేస్త్రమ్మా అనలేదు. జుల్మీరా అనేవాళ్ళు, ఇదిగో అమ్మాయ్ అనేవాళ్ళు. 'మేస్త్రమ్మ ఉంటేనా' అని మాత్రం రోజూ అనేవాళ్ళు. ఆమె ఒకటి చెప్తే రెండోసారి చెప్పేదాకా కదిలేవాళ్ళు కాదు. చెప్పలేక ఆమే వెళ్ళి ఆ పని చేసుకునేది. ఈ సంగతి పైకి చేరింది. పడవలు తగ్గే లోపు దారికి రాకపోతే, నోరున్న మగమేస్త్రీని తెస్తామని గుమస్తా అందరి ముందూ చెప్పి మరీ వెళ్ళాడు. ఉంటే పనికి రాకపోయె, పోతే మేస్త్రమ్మ మాట పోయె. జుల్మీరాకి నిద్ర కరువైంది.

అంతలో ఫెలిష్మీనా కోతపడ్డ చెయ్యి ఉప్పునీళ్ళలో పెట్టింది. అది చీము పట్టి, మోచెయ్యి దాకా వాచిపోయింది.

"ఎందుకు చెప్పలేదక్కా?" అంది జుల్మీరా.

"అడిగితే కదా చెప్పడానికి! మేస్త్రమ్మ రోజుల్లో ఎవరైనా నోరు తెరిచి చెప్పుకున్నారా?" అంది ఫెలిష్మీనా. గొంతులో వెటకారం ఉంది, కళ్ళలో మాత్రం నొప్పి తప్ప ఏమీ లేదు.

ఆ సాయంత్రం జుల్మీరా మేస్త్రమ్మ ఇంటికి వెళ్ళింది, ఈ తెల్లగుడ్డ తిరిగిచ్చేద్దామని. గుమ్మం మీద బెర్నర్దీను వల బాగుచేసుకుంటున్నాడు.

"మోకాళ్ళు ఎలా ఉన్నాయి బాబాయ్?"

"మోకాళ్ళకేమమ్మా, లక్షణంగా ఉన్నాయి. రోజూ రేవు దాకా నడిచొస్తోంది. మా ఇంట్లో పింగాణీ గిన్నెలకే ఆయుష్షు తక్కువైపోయింది, రోజుకొకటి పగులుతోంది," అని నవ్వాడు.

జుల్మీరాకి ఆ మాట అప్పుడు తలకెక్కలేదు. లోపల మేస్త్రమ్మ ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ రాగం విన్నాక గుడ్డ ఇవ్వడానికి మనసొప్పలేదు. వెనక్కి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే సైరన్ మోగింది. అందరూ పరిగెత్తుకొచ్చారు. ఆ గుంపులో, ఏప్రాన్ నాడాలు ముడేసుకుంటూ, మేస్త్రమ్మ కూడా వచ్చేసింది. తిన్నగా బల్ల మొదటికి వచ్చింది. అక్కడ తెల్లగుడ్డతో నిలబడ్డ జుల్మీరాని చూశాక గానీ ఆవిడకి గుర్తు రాలేదు.

"చూడండే నా కాళ్ళు! మానేశానని వీటికి చెప్పడం మర్చిపోయాను," అంది.

షెడ్డు షెడ్డంతా నవ్వింది. "మంచిపని చేశాయి! రా మేస్త్రమ్మా, నీ చోటు నీకోసమే చూస్తోంది," అన్నారెవరో. "అమ్మయ్య, ఇవాళ పని పనిలా సాగుతుంది," అంది కట్టుకట్టిన చేత్తో వచ్చిన ఫెలిష్మీనా. జుల్మీరా చెయ్యి దానంతటదే తలగుడ్డ ముడి మీదికి వెళ్ళింది.

మేస్త్రమ్మ ఆ చెయ్యిని చూసింది. బల్ల పక్కనుంచి నడుచుకుంటూ, ద్వారం పక్కన చలిగాలి కొట్టే చివరి చోటికి పోయి నిలబడింది. అక్కడున్న కొత్తపిల్లని కాస్త జరగమని, తన రెండు చేతులూ చాపింది.

"పని మొదలెట్టే ముందు చేతులు చూడరా ఇక్కడ?" అంది పెద్దగా.

జుల్మీరా ఆ పొడుగాటి బల్ల వెంట నడిచి వెళ్ళింది. ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. కుడిచెయ్యి వణుకుతోంది. గట్టిగా పట్టుకున్నా ఆగడం లేదు. వేళ్ళ మీద గిన్నెపెంకులు చీరిన గీతలున్నాయి. మానేసింది మోకాళ్ళ వల్ల కాదని అప్పుడర్థమైంది.

"ఎప్పట్నుంచి?" అంది మెల్లగా.

"నిరుడు చేపల కాలం నుంచి."

"ఒక్కళ్ళకీ చెప్పలేదా?"

"ఎవరడిగారే?" అంది మేస్త్రమ్మ. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టే అంది.

జుల్మీరా ఆ చేతులు వదల్లేదు. ఇన్నేళ్ళు పక్కనే ఉండి, ఈ చేతుల మీదే పెరిగి, తనూ అడగలేదు. బల్ల దగ్గరున్న ఒక్కరూ అడగలేదు. ఇప్పుడేమీ చూడనట్టు ఊరుకుంటే ఆవిడ సంతోషంగా కత్తి పట్టుకుంటుంది. నలుగురిలో కాదంటే ఆవిడ మనసు ఏమవుతుందో! జుల్మీరా ఏప్రాన్ జేబులోంచి తీయడానికి సీసా లేదు. మేస్త్రమ్మ జేబులో చెయ్యి పెట్టి ఆవిడ సీసానే తీసి, ఆ గీతల మీద నూనె రాసింది.

"ఈ చేతులు ఇంక కత్తి పట్టకూడదు. వెళ్ళి కాగితాల దగ్గర కూర్చో అమ్మా."

ఇన్నేళ్ళ అండీలు ఎటు పోయాయో, మాట అలాగే వచ్చింది, అనుకున్న దానికంటే పెద్దగా కూడా వచ్చింది. షెడ్డంతా విన్నది. మేస్త్రమ్మ ముఖంలో ఒక్క క్షణం పాత కోపం కదిలింది. తర్వాత కళ్ళు నిండాయి.

"అలాగే మేస్త్రమ్మా," అంది.

కత్తి బల్ల మీదే వదిలేసి, కిటికీ పక్కకి వెళ్ళి, అక్కడి అమ్మాయిల మధ్య కూర్చుని, ఒక కాగితం తీసుకుంది. కాగితం కూడా వణికింది. పక్కనున్న పిల్ల డబ్బాని కదలకుండా పట్టుకుంది.

జుల్మీరా కళ్ళు తుడుచుకుని బల్ల వైపు తిరిగింది.

"చేతులు," అంది.

ముందుగా ఫెలిష్మీనా కట్టు విప్పడం మొదలెట్టింది.

"నాది కూడా చూడు మేస్త్రమ్మా. చూసి కళ్ళు తిరిగి పడిపోకు, పట్టుకోవడానికి నాకు ఒక్క చెయ్యే ఉంది."

బల్ల పొడుగునా చేతులన్నీ చాపి ఉన్నాయి. జుల్మీరా సీసా మూత తీసి, ఆ వాచిన చెయ్యి పట్టుకుంది.